తొలి నవలయు మధ్యవర్తియు: ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ప్రచురణచరిత్రము

నవలావిమర్శ మన విశ్వవిద్యాలయములలో ఇంచుమించుగా నొక నిర్ణీతమార్గమున నడచుచున్నది. ఇతివృత్తము, పాత్రపోషణము, శిల్పము, సాంఘికనేపథ్యము అను శీర్షికలక్రింద ముద్రితగ్రంథమును పరిశీలించుటతో సిద్ధాంతవ్యాసము ముగియును. ఆ గ్రంథము రచయిత చేతివ్రాతనుండి అచ్చుపుటలకు ఏ దారిని వచ్చినది, దారిలో ఎవరెవరి చేతులు దానిపై పడినవి, వానివలన అది యేమి పొందినది, ఏమి కోల్పోయినది అను ప్రశ్నలు పీఠికలోని కృతజ్ఞతావాక్యములకు వదలివేయబడుచున్నవి. ప్రాచీనకావ్యముల విషయమున మన పద్ధతి ఇట్టిది కాదు. తాళపత్రప్రతిలో లేఖకుడు ఒక యక్షరము మార్చినచో దానిని పట్టుకొనుటకు పరిష్కర్తలు ఏండ్లకొలది శ్రమించిరి. బ్రౌను దొర ప్రతులను సేకరించి, పండితులచేత పాఠములను సరిపోల్పించిన నాటినుండియు ఇది మనకు అలవడిన విద్య. లేఖకుని చేతిని అంత జాగ్రత్తగా కనిపెట్టిన మనము ప్రచురణకర్త చేతిని, పత్రికాసంపాదకుని చేతిని, పోటీలో తీర్పు చెప్పిన పెద్దల చేతిని ఏల కనిపెట్టరాదు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మేము ఒక తెలుగు నవలను గాక, ఆర్. కె. నారాయణ్ ఆంగ్లమున రచించిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ను ఎన్నుకొంటిమి. తెలుగుశాఖ సంచికలో ఆంగ్లనవల యేల యని చదువరులు అడుగవచ్చును. అందుకు కారణములు రెండు. ఆ నవల అచ్చైన చరిత్రకు సంబంధించిన ఆధారములు చాలవఱకు నిలిచియున్నవి. మన తొలి నవలాకారులలో పెక్కుమందికి అట్టివి నిలువలేదు. ఇది మొదటిది. మఱి రెండవది, తెలుగునవలకు ఏజెంటు లేడు గావున మన రచయిత స్వతంత్రుడై వ్రాసెనను నొక యభిప్రాయము వ్యాప్తిలో నున్నది. అది ఎంతవఱకు నిలుచునో పరీక్షింపవలెనన్నచో, ఏజెంటు నిజముగా పనిచేసిన సందర్భము నొకదానిని దగ్గఱగా చూడవలసియున్నది.

‘ఏజెంటు’ అనగానే తెలుగుదేశమున మనకు స్ఫురించువాడు వార్తాపత్రికల కట్టలను పంచిపెట్టించువాడు, లేదా జీవితబీమా కాగితములతో ఇంటికి వచ్చువాడు. గ్రంథకర్త పక్షమున ప్రచురణకర్తతో బేరమాడి, ఒడంబడిక వ్రాయించి, వచ్చిన ప్రతిఫలములో పదవవంతు తాను పుచ్చుకొను వృత్తి లండనులో పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున పుట్టినది. ఎ. పి. వాట్ దానికి ఆద్యుడు. 1896లో జె. బి. పింకర్ అదే వృత్తిలో ప్రవేశించిరి. ఆనాటి ప్రచురణకర్తలలో హైన్‌మన్ వంటివారు ఈ క్రొత్తజాతిని బాహాటముగా ద్వేషించిరి. రచయితకును తమకును నడుమ మూడవవాడు నిలుచుట వారికి గిట్టలేదు. అయినను ఆ వృత్తి నిలదొక్కుకొన్నది. ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. ఏజెంట్లు పేరు ప్రతిష్ఠలు గల రచయితలను ఆశ్రయించి బలపడిరేగాని, క్రొత్తవారిని వెదకి పైకి తెచ్చి బలపడినవారు కారు. జోసఫ్ కాన్రాడ్ 1895లో అచ్చైన తన తొలి నవల ‘ఆల్మేయర్స్ ఫాలీ’ని ఏజెంటు లేకుండగనే ఫిషర్ అన్విన్ సంస్థకు పంపిరి. ఆ సంస్థలో వ్రాతప్రతులను చదువు ఉద్యోగులు చెసన్, ఎడ్వర్డ్ గార్నెట్ దాని విలువను గుర్తించిరి. పింకర్ ఆయనకు ఏజెంటైనది పిదప 1900లోనే. తొలి నవలకు కావలసినది బేరమాడువాడు కాదు, చదువువాడు. ఈ భేదము నారాయణ్ విషయమున మిక్కిలి స్పష్టముగా కనబడును.

నారాయణ్ ఈ నవలను 1930లో బెంగుళూరున, అమ్మమ్మ చూచి పెట్టిన మంచిరోజున ప్రారంభించిరి. ఆయనకు అప్పటికి ఇరువదినాలుగేండ్లైన నిండలేదు. మైసూరు మహారాజా కళాశాలలో పట్టము పుచ్చుకొని, ఉపాధ్యాయోద్యోగమున చేరి, దానిని విడిచి, వ్రాతయే వృత్తిగా బ్రదుకుదునని పట్టుపట్టిన కాలమది. తండ్రి ప్రధానోపాధ్యాయుడు, ఉమ్మడికుటుంబము. ఆ పట్టుదల ఇంటివారికి ఎంత వింతగా తోచియుండునో ఊహింపవచ్చును. నవల పూర్తియైన పిమ్మట దానిని లండనులోని ప్రచురణకర్తలకు పంపుచు, తిరిగి వచ్చినదానిని మఱియొకరికి పంపుచు కొంతకాలము గడపిరి. మైసూరునుండి లండనుకు వ్రాతప్రతి సముద్రముమీద పోవలెను. నిరాకరణము మఱల సముద్రముమీద రావలెను. ఒక్కొక్క ప్రచురణకర్తకు నెలలు పట్టునపుడు, అయిదాఱుగురు తిప్పి పంపుటలోనే ఏండ్లు గడచును. ఆ తపాలుకాలమును లెక్కలోనికి తీసికొననిదే తొలి నవలాకారుని నిరాశ మనకు అర్థము కాదు.

కిట్టు పూర్ణ యను మిత్రుడు ఆక్స్‌ఫర్డులో చదువుచుండెను. వ్రాతప్రతి తుదకు అతని చేతికి చేరినది. ఇక ఆశలేదని, దానికి రాయికట్టి థేమ్సునదిలో పాఱవేయుమని నారాయణ్ అతనికి వ్రాసిరట. పూర్ణ అట్లు చేయక, అప్పుడు ఆక్స్‌ఫర్డులోనే కాపురమున్న గ్రహామ్ గ్రీన్‌కు దానిని చూపెను. గ్రీన్ చదివి మెచ్చి, హామిష్ హామిల్టన్ సంస్థకు సిఫారసు చేసిరి. 1935లో నవల వెలువడినది. థేమ్సునది కథ నారాయణ్ 1974లో ప్రకటించిన ‘మై డేస్’ ఆత్మకథలో నున్నది. ఈ కథ చెప్పని వ్యాసము నారాయణ్‌పై వచ్చుట అరుదు. మేమును చెప్పితిమి.

కాని యిచ్చట ఆగి విచారింపవలసియున్నది. నలువది యేండ్ల పిమ్మట, కథ చెప్పుటలో ఆఱితేఱిన నవలాకారుడు వ్రాసిన ఆత్మకథ అది. సంఘటనల వరుసకు దానిని ఆధారముగా గొనవచ్చును. ఆయా ఘట్టములలో రచయిత మనఃస్థితికి అది అంత గట్టి ఆధారము కాదు. సుసాన్ రామ్, ఎన్. రామ్ ఇరువురును 1996లో ప్రకటించిన జీవితచరిత్రము ఉత్తరములను ఆధారముగా గొని నారాయణ్ తొలినాళ్లను పునర్నిర్మించినది. విద్యార్థులు ఆత్మకథను, ఆ జీవితచరిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. ఆత్మకథలో అదృష్టముగా కనబడినది ఉత్తరములలో నెలలకొలది సాగిన శ్రమగా కనబడును. రాయి, నది, రక్షకుడు అను మూడింటితో కథ పురాణపుటొప్పిదమును సంతరించుకొన్నది. పురాణమున రక్షకుడొక్కడే యుండును. ఇచ్చట పని చేసినవారు నలుగురు.

ఆ నలుగురి పనులను వేఱుపఱచి చూతము. పూర్ణ వాహకుడు, వ్రాతప్రతిని సరియైన ఇంటి గుమ్మమువఱకు మోసినవాడు. గ్రీన్ పాఠకుడు, పూచీదారు. ఆయనకే తొలి నవల అనుభవము చేరువలో నున్నది. 1929లో ‘ది మ్యాన్ వితిన్’ ఆయనకు పేరు తెచ్చినది; దాని వెంట 1930, 1931 సంవత్సరములలో వచ్చిన రెండు నవలలును విఫలములు కాగా, వానిని మఱల అచ్చువేయనీయక ఆయన యణచివేసిరి. తొలి నవలకంటె దాని తర్వాతి నవలయే రచయితను కూల్చునని ఆయనకు తెలియును. మూడవవారు డేవిడ్ హైయమ్. గ్రీన్ వ్యవహారములను చూచు ఏజెంటు. 1935లోనే పెర్న్, పాలింజర్ అను ఇరువురితో గలసి సొంతసంస్థను స్థాపించినవారు. నారాయణ్ వ్యవహారములును ఆయన చేతికే వచ్చినవి. నాల్గవవారు ప్రచురణకర్త హామిష్ హామిల్టన్. 1931లో స్థాపితమైన క్రొత్తసంస్థ. ఈ నలుగురిలో ఎవరు లేకున్నను గ్రంథము లేదనుట సులభము. ఎవరు గ్రంథమును మార్చిరి అనునది అంతకంటె ప్రయోజనకరమైన ప్రశ్న.

మార్పులు మూడు తావుల జరిగినవి. భాషను గ్రీన్ అక్కడక్కడ సవరించిరి. రచయిత పేరు కుదింపబడినది. గ్రంథనామము మార్పబడినది.

పేరు విషయము ముందు చూతము. రాశీపురం కృష్ణస్వామి నారాయణస్వామి అను పేరు ఆంగ్లపాఠకుని నాలుకకు తిరుగదని ఆర్. కె. నారాయణ్‌గా కుదించిరి. గ్రీన్ సలహాయే ఇది. దక్షిణదేశపు ‘స్వామి’ రచయిత పేరునుండి తొలగి గ్రంథము పేరులో మాత్రము మిగిలెను. ఇది కాకతాళీయమైనను ముచ్చటయైనది. కాని దీనియందొక నష్టమును కలదు. నారాయణస్వామి యనగానే మనకు ఒక ప్రాంతము, ఒక భాష, ఒక కుటుంబసంప్రదాయము తోచును. నారాయణ్ అనునది ఏ ప్రాంతమునకును చెందక భారతదేశమునకంతటికిని చెందిన పేరు. మాల్గుడి ఎక్కడి యూరో చెప్పలేము, అది భారతదేశమునకే నమూనా యని పిదపకాలపు విమర్శకులు వ్రాసిన వ్రాతలకు ఈ పేరు కుదింపు కొంత దోహదము చేసినదని మాకు తోచుచున్నది. నవలలోని భోజనము, బంధుత్వము, నదీతీరము, పాఠశాల అన్నియు తమిళ-కన్నడ సీమలవే.

ఇక గ్రంథనామము. నారాయణ్ పెట్టిన పేరు ‘స్వామి, ది టేట్’. టేట్ ఆనాటి ఇంగ్లండు జట్టులో ప్రసిద్ధుడైన బంతివేతగాడు మారిస్ టేట్. నవలలో బాలురు క్రికెట్టు జట్టును కట్టినపుడు స్వామినాథునకు వచ్చిన ముద్దుపేరది. కిప్లింగు ‘స్టాకీ అండ్ కో’ను జ్ఞప్తికి దెచ్చుపేరుగా ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ను గ్రీన్ సూచించిరి. రచయిత పెట్టిన పేరును పైవారు మార్చిరన్న వెంటనే దానిని అపచారముగా తలచుట విమర్శకులకు పరిపాటి. మేము అట్లు తలపము. నవల యుత్తరార్ధమున క్రికెట్టు ప్రధానమేగాని, నవల ముగియునది క్రికెట్టుతో కాదు. స్వామి మెంపి యడవిలో దారితప్పి పందెమునాటికి చేరలేకపోవును, జట్టు ఓడును, రాజము మాటలాడుట మానును, రాజము తండ్రికి బదిలీ యగును. రైల్వేస్టేషనులో కదలుచున్న బండి ప్రక్కన పరుగెత్తుచు స్వామి ఒక పుస్తకమును కానుకగా అందించుటతో కథ నిలిచిపోవును. రాజము కోపము తీఱినదో లేదో స్వామికి తెలియదు, చదువరికి తెలియదు. ఇది స్నేహమును గూర్చిన నవల. బంతివేతను గూర్చినది కాదు. రచయితకంటె అతని తొలి పాఠకుడు గ్రంథమును ఒక్కచోట బాగుగా నెఱిగెననుటలో రచయితకు చిన్నతనమేమియు లేదు.

కాని ఆ పేరు పిలిచిన పోలిక తప్పు. కిప్లింగు బాలురు సామ్రాజ్యసేవకు సిద్ధపడుచున్న బాలురు; వారి అల్లరి కూడ ఆ శిక్షణలో భాగమే. స్వామి చదువు ఆల్బర్టు మిషను పాఠశాలలో క్రైస్తవగ్రంథమును బోధించు నుపాధ్యాయుడు కృష్ణుని నిందించును. ఎదురుప్రశ్న వేసినందుకు స్వామి చెవి మెలిపెట్టబడును. తండ్రి ప్రధానోపాధ్యాయునకు లేఖ వ్రాయును. ఇంకను ముందునకు పోయినచో, 1930 ఆగస్టు 15వ తేదీన సరయూనదీతీరమున రెండువేలమంది పౌరులు కూడిన సభ వచ్చును. (ఆ తేదీని చూచి నేటి విద్యార్థులు చకితులగుదురు. అది కాకతాళీయము. రచయిత ఆ పుటలను వ్రాసినది పదునేడేండ్ల ముందు.) స్వామి తన టోపీని విదేశవస్త్రమని తలచి మంటలో వేయును, మఱునాడు పాఠశాల కిటికీల అద్దములు పగులగొట్టును, పోలీసులు లాఠీలతో వత్తురు. ఇంటికి వచ్చిన పిమ్మట తండ్రి, ఆ టోపీ ఖద్దరుదేయని చెప్పును. దేశభక్తికిని, బాల్యమునకును సమముగా తగులు హాస్యమిది. లండనులో 1935లో అచ్చు వేయునపుడు ఆంగ్లపాఠకునకు ఇబ్బందియని ఈ ప్రకరణమును తొలగింప వచ్చును. తొలగింపలేదు. కావున గ్రీన్, హామిల్టన్ ఇరువురును నవల వెలుపలి కవచమును మార్చిరిగాని లోపలి ప్రాణమును ముట్టలేదని నిర్ధారింపవచ్చును.

నారాయణ్ విదేశపాఠకుని మెప్పునకై వ్రాసిరన్న నిందను ఈ సందర్భమున పరిశీలింపక తప్పదు. గ్రీన్ ఆశ్రయము వలన ఆయన రచన ఆ త్రోవను పట్టినదని కొందఱందురు. తొలి నవలకు మాత్రము ఈ నింద వర్తింపదు. సంవత్సరముల వరుసయే దీనిని త్రోసివేయుచున్నది. నవల 1930లో మొదలైనది. గ్రీన్ ఎవరో నారాయణ్ ఎఱుగని కాలమున పూర్తియైనది. అంతేగాక 1933లో ‘పంచ్’ పత్రికలో అచ్చైన ఆయన హాస్యరచనము, భారతదేశమును గూర్చిన నవలను ఎట్లు వ్రాయవలెనో చెప్పునట్లు నటించుచు, ఆనాటి విదేశరచయితల మూసను ఎగతాళి చేసినది. ఆ మూస తనకు వలదని ఎఱిగినవాడే స్వామిని సృష్టించెను. అయితే ఆంగ్లమున నవల వ్రాయుటయే లండను ప్రచురణకర్తను మనస్సులో నుంచుకొనుట యగునుగదాయని ఎదురువాదము చేయవచ్చును. ఆ వాదమున బలమున్నది. దానికి సమాధానము ప్రచురణచరిత్రమున దొరకదు. భాషను ఎన్నుకొనుటలోనున్న రాజకీయమున వెదకవలెను. అది వేఱు వ్యాసము.

హైయమ్ వంతు ఇప్పుడు వచ్చును. తొలి నవలకు మంచి సమీక్షలు వచ్చినను ప్రతులు అమ్ముడుపోలేదు. హామిష్ హామిల్టన్ రెండవ నవలను వలదనిరి. ఇచ్చటినుండి వరుసను చూడవలెను. ‘ది బాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’ 1937లో నెల్సన్ సంస్థవారు ప్రచురించిరి. దానికి గ్రీన్ పీఠిక వ్రాసిరి. ‘ది డార్క్ రూమ్’ 1938లో మాక్మిలన్‌వారు ప్రచురించిరి. ‘ది ఇంగ్లీష్ టీచర్’ 1945లో అయర్ అండ్ స్పాటిస్‌వుడ్‌వారు ప్రచురించిరి. నాలుగు నవలలు, నలుగురు ప్రచురణకర్తలు! ఒక్కొక్క పర్యాయమును క్రొత్తగా తొలి నవల వ్రాసినవాని స్థితియే. నారాయణ్ 1956వఱకు దేశము విడిచి పోలేదు. మైసూరులో కూర్చుండిన రచయితకు లండనులో నాలుగుసార్లు తలుపులు తెఱపించుట మెచ్చుకోలు ఉత్తరముతో కాదు. ప్రతిదినము ఆ పనిమీదనే నిలిచినవానితో అగును. గ్రీన్ కీర్తి తొలి తలుపు తెఱచినది. ఆ వెనుక తలుపులు మూసికొనుచుండగా పట్టు విడువని ఏజెంటు వృత్తిధర్మము ఆయనను నిలిపినది. విమర్శకులు గ్రీన్ ఔదార్యమును గూర్చి వ్రాసినదానిలో పదవవంతైన హైయమ్‌ను గూర్చి వ్రాయకపోవుట మాకు న్యాయముగా తోచదు. అందులోను అయర్ అండ్ స్పాటిస్‌వుడ్ సంస్థలో 1944 మొదలు గ్రీనే సంచాలకుడుగా నుండిరి. నాల్గవ నవల స్వీకృతి స్నేహితుని చేతులలోనే జరిగినది. రెండవ, మూడవ నవలలే నిజమైన పరీక్షలు.

అమెరికాలో గ్రంథములు వెలువడుటకు 1953వఱకు వేచియుండవలసివచ్చినది. అక్కడ మిచిగన్ స్టేట్ కాలేజ్ ప్రెస్‌వారు ‘ది ఇంగ్లీష్ టీచర్’ను ‘గ్రేట్‌ఫుల్ టు లైఫ్ అండ్ డెత్’ అని పేరు మార్చి ప్రకటించిరి. స్వామి విషయమున గ్రీన్ మార్పును మెచ్చుకొన్న మేము ఈ మార్పును మెచ్చుకొనలేము. భార్యావియోగమును ఒక సామాన్యోపాధ్యాయుని దినచర్యలో దాచియుంచిన గ్రంథమది. మూలనామము ఆ దాచుటను కాపాడినది. క్రొత్తపేరు కట్టకడపటి భావమును గుమ్మముననే చాటివేసినది. మధ్యవర్తి మార్పులన్నియు ఒక్కతీరువి కావు. ఒక్కొక్కదానిని గ్రంథముతో సరిచూచియే తీర్పు చెప్పవలెను.

1942లో యుద్ధమువలన ఇంగ్లండుతో సంబంధములు సడలియున్న తఱి, నారాయణ్ మైసూరులో ‘ఇండియన్ థాట్ పబ్లికేషన్స్’ అను సొంత ప్రచురణసంస్థను స్థాపించిరి. లండనులో నలుగురు మధ్యవర్తులను దాటిన రచయిత స్వదేశమున తానే ప్రచురణకర్త యయ్యెను. ఈ ఘట్టమున ఆయన, తనకు అఱువదియేండ్ల ముందు గోదావరితీరమున నొక తెలుగు రచయిత నిలిచిన చోటనే నిలిచిరి.

వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖరచరిత్రము’ 1878లో ఆయన సొంతపత్రిక ‘వివేకవర్ధని’లో మొదలై, 1880లో గ్రంథమైనది. రచయితయు, సంపాదకుడును, ప్రచురణకర్తయు నొక్కరే. ఏజెంటు లేడను మాట ఇచ్చట అక్షరాల నిజము. కాని ఈ యేకవ్యక్తి వ్యవస్థ అందఱకును సాధ్యము కాదు. అంతకు ముందు 1872లో నరహరి గోపాలకృష్ణమచెట్టిగారు ‘శ్రీరంగరాజచరిత్ర’ను వ్రాయుటకు లార్డు మేయో ప్రభుత్వపు ప్రకటన ప్రేరకమైనది. ప్రజల ఆచారవ్యవహారములను చిత్రించు గ్రంథములు కావలెనని దొరతనమువారు కోరిరి. అచ్చట మధ్యవర్తి గెజెట్టు. మన మొదటి నవలల యందు పెండ్లిపేరంటముల వర్ణనలు, మూఢాచారముల పట్టికలు అంత విస్తారముగా నుండుటకు ఈ కోరిక యొక కారణమని అంగీకరించినచో, ఏజెంటు లేనంత మాత్రమున రచయిత స్వతంత్రుడని చెప్పు వాదము అప్పుడే సగము కూలినది.

మిగిలిన సగమును ‘చింతామణి’ కూల్చును. న్యాపతి సుబ్బారావుపంతులుగారు నడపిన ఆ పత్రికలో నవలలకు బహుమానములు పెట్టిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘రామచంద్రవిజయము’ 1894లో బహుమానము నందినది. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడు. నాటకకర్తగా పేరున్నను, నవలాకారుడుగా ఆయనను నిలిపినది ఆ పోటీయే. పోటీ యనగా గడువు, నియమము, తీర్పరుల రుచి. ఈ మూడును వ్రాయుటకు ముందే రచయిత బల్లమీద నుండును. గ్రీన్ పూర్తియైన వ్రాతప్రతిని చదివి పేరు మార్చెను. పోటీ తీర్పరి ఇంకను పుట్టని నవలను మార్చును. ఏ మధ్యవర్తి బలవత్తరుడు? మాకు సందేహము లేదు. సాంఘికమైన ‘రామచంద్రవిజయము’ తర్వాత 1896లో చిలకమర్తివారు ‘హేమలత’లో రాజపుత్రచరిత్రకు మరలిరి. చింతామణి పోటీలు ముగిసిన చాల యేండ్లకు వచ్చిన ‘గణపతి’లో ఆయన తన హాస్యమునకు పూర్తిగా పగ్గములు వదలిరి. ఈ మూడు గ్రంథముల స్వరభేదమును రచయిత వయఃపరిపాకముగా వివరించుట వాడుక. అది చాలదు. ఎవరు చదివి తీర్పు చెప్పుదురన్న యెఱుక వాక్యమునెట్లు బిగించునో, అది తొలగినపుడు వాక్యమెట్లు సడలునో చూపుటకు వీనికంటె మంచి నిదర్శనములు మనకు లేవు.

పోటీల సంప్రదాయము అంతటితో ఆగలేదు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి చారిత్రకనవలలకు పోటీలు పెట్టెను. ఆ కాలమున చారిత్రకనవల వెల్లువెత్తినది. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1934లో పెట్టిన పోటీలో విశ్వనాథవారి ‘వేయిపడగలు’, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’ బహుమానమును పంచుకొన్నవి. వేయిపడగలు ఇరువదితొమ్మిది దినములలో చెప్పి వ్రాయించినదన్న ప్రసిద్ధి విశ్వనాథవారి ధారాశక్తికి దృష్టాంతముగా చెప్పబడుచున్నది. అది గడువు శక్తికిని దృష్టాంతమని ఎవరును చెప్పరు. ఆ గ్రంథమున కొన్ని ప్రకరణములు వలసినదానికంటె విస్తరించియుండుట, కొన్ని సూత్రములవలె కుదింపబడియుండుట ఈ దృష్టితో మఱల పరిశీలింపదగియున్నవి. అటు తర్వాత వారపత్రికలు, మాసపత్రికలు వచ్చినవి. 1997లో చంద్రలతగారి ‘రేగడి విత్తులు’ బహుమానము నందినది ఉత్తరఅమెరికా తెలుగుసంఘమువారి పోటీలో. చింతామణి మొదలు నూఱేండ్లు దాటినను తెలుగునవలకు ద్వారము పోటీయే. తీర్పుపీఠము మాత్రము రాజమహేంద్రవరమునుండి సముద్రములు దాటినది.

ఇంచుమించుగా అదే కాలమున ఆంగ్లమున నారాయణ్ కథ తలక్రిందుగా మఱల జరిగినది. అరుంధతీరాయ్ ‘ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ వ్రాతప్రతిని ఢిల్లీలో ఒక ప్రచురణసంస్థలో పనిచేయుచున్న రచయిత పంకజ్ మిశ్రా చదివి లండనుకు పంపగా, ఏజెంటు డేవిడ్ గాడ్విన్ దానిని చదివి విమానమెక్కి ఢిల్లీకి వచ్చిరి. 1935లో వ్రాతప్రతి ఏజెంటును వెదకుకొని పోయినది. అఱువదియేండ్లకు ఏజెంటే వ్రాతప్రతిని వెదకుకొని వచ్చెను. కాని మొదట చదివినవాడు రెండు పర్యాయములును ఏజెంటు కాదు. తానును రచయితయే యైన పాఠకుడు! పూర్ణ-గ్రీన్ పాత్రలను మిశ్రా ఒక్కరే నిర్వహించిరి.

పరిశోధనవిద్యార్థులకు దీనినుండి ఒక పని తేలుచున్నది. నారాయణ్‌కు ఉత్తరములు నిలిచినవి. మనకు ఉత్తరములు నిలువనిచోట ధారావాహికలు నిలిచియున్నవి. ‘వివేకవర్ధని’లోని రాజశేఖరచరిత్రపాఠమును 1880 నాటి గ్రంథపాఠముతో వాక్యము వాక్యము సరిపోల్చవచ్చును. బుచ్చిబాబుగారి ఏకైకనవల ‘చివరకు మిగిలేది’ 1946-47లో ‘నవోదయ’లో ధారావాహికముగా వచ్చి 1952లో గ్రంథమైనది; ఆ నడుమ అయిదేండ్లు. సంచికకు సంచికకు నడుమ పాఠకుని నిలుపుటకు పత్రిక కోరు బిగువొకటి కలదు. గ్రంథమునకు అది యక్కఱ లేదు. దయానిధి ఆత్మవిమర్శ ఎక్కడెక్కడ ప్రకరణాంతమున తెగుచున్నదో, ఆ తెగుట గ్రంథమున నిలిచినదో అతుకబడినదో చూడవలెను. పత్రికల పాతసంపుటములు చెదలు పట్టకమునుపు ఈ పనికి ఇరువురు ముగ్గురు విద్యార్థులు చేతులు కలిపినచో రెండేండ్లలో పూర్తి కాగలదు.